సున్నా తేదీ ఉన్న ఫోటో

నేను రోజూ వాడే ఫోటోల ప్రోగ్రాం ఒకటి కొత్త వెర్షన్ వేసుకున్న మర్నాటి నుంచి ఉన్నట్టుండి మూసుకుపోవడం మొదలుపెట్టింది. ఒక పాత ఫోల్డర్ తెరిచి, తేదీల ప్రకారం పేర్చమంటే చాలు, ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా లేకుండా మాయమైపోయేది. కొంతమంది వాలంటీర్లు ఖాళీ సమయంలో నడుపుతున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది, అంటే దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు. వాళ్ల బగ్ ట్రాకర్‌లో (ప్రోగ్రాంలో కనబడ్డ తప్పులు, అంటే బగ్‌లు, రాసిపెట్టే వెబ్‌సైట్) ఖాతా తెరిచి "ఫోల్డర్ తెరిస్తే క్రాష్ అవుతోంది, దయచేసి సరిచేయండి" అని రాసి వచ్చేశాను. అంతకంటే ఏం రాయాలో నిజంగా తెలియలేదు.

రెండు రోజులకు జవాబొచ్చింది. రాసినాయన ఆ ప్రోగ్రాం తయారు చేసేవాళ్లలో ఒకరు కూడా కాదు, నాలాగే వాడుకునే మనిషి. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్కడి నుంచి ఇన్‌స్టాల్ చేశారు, అన్ని ఫోల్డర్లకీ ఇంతేనా లేక ఒక్కదానికేనా, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) నుంచి నడిపితే చివర్లో ఏం కనిపిస్తోంది అని వరసగా అడిగి, "నా దగ్గర బాగానే పనిచేస్తోంది, అందుకే మీ దగ్గర ఏం వేరుగా ఉందో కనుక్కోవాలి" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో నాకు అసలు సంగతి అర్థమైంది. బగ్ వాళ్ల కంప్యూటర్లో లేదు, నా కంప్యూటర్లో ఉంది, కాబట్టి దాన్ని చూడగలిగేది ప్రస్తుతానికి నేనొక్కణ్ణే.

ఆ ఫోల్డర్లో దాదాపు మూడు వేల ఫోటోలున్నాయి. అన్నీ ఇంట్లోవాళ్లవి, బయటివాళ్లకు పంపలేను, అదే చెప్పాను. పంపక్కర్లేదు, సగం ఫోటోలు వేరే ఫోల్డర్లోకి మార్చి చూడండి, ఏ సగంతో క్రాష్ అవుతుందో దాన్ని మళ్లీ సగం చేయండి అన్నారు. పదిహేను వందలు, ఏడు వందల యాభై, అలా పన్నెండో సారికి ఒకే ఒక్క ఫోటో మిగిలింది. చూడ్డానికి మామూలు ఫోటోనే, తెరిస్తే తెరుచుకుంటోంది కూడా. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో దాని లోపలి వివరాలు చూస్తే తీసిన తేదీ ఉండాల్సిన చోట సంవత్సరం సున్నా, నెల సున్నా, రోజు సున్నా. పాత కెమెరా బ్యాటరీ పూర్తిగా అయిపోయి, గడియారం సెట్ చేయకుండానే ఎప్పుడో తీసిన ఫోటో అయ్యుంటుంది.

ఈ సంగతి రాసి పెట్టాక పని ఊపందుకుంది. ఒకరు అవే సున్నాలు పెట్టి చిన్న తెల్ల బొమ్మ ఒకటి తయారు చేసి ట్రాకర్‌లో పెట్టారు, దాంతో నా ఇంటి ఫోటోల అవసరం లేకుండా ఎవరైనా తమ దగ్గర అదే క్రాష్ తెప్పించుకోవచ్చు. ఇంకొకరు గిట్ బైసెక్ట్ నడిపారు. గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాం, బైసెక్ట్ అంటే ఏ మార్పుతో తప్పు వచ్చిందో వెతికే దాని కమాండ్. పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ మధ్య నాలుగు వందల చిల్లర కమిట్లు, అంటే విడివిడి మార్పులు, ఉన్నాయి, మధ్యలోది తీసుకుని పరీక్షించి, బాగుంటే ఇటు, పాడైతే అటు వెళ్తూ తొమ్మిది సార్లలో తప్పు చేసిన కమిట్ దగ్గరకు చేరారు. నేను ఫోటోలతో చేసిన పనే, ఆయన కోడ్ చరిత్రతో చేశారు. ఆ కమిట్‌లో ఎవరో నెలల పేర్లు చూపించడానికి ఒక పట్టిక పెట్టారు. జనవరి మొదటి గడి, దాని నంబర్ సున్నా, కాబట్టి నెలలోంచి ఒకటి తీసేసి పేరు వెతుకుతారు. నెలే సున్నా అయితే? పట్టిక మొదలవకముందున్న గడిలోకి చెయ్యి పెట్టినట్టే, అక్కడే ప్రోగ్రాం పడిపోతోంది.

సరిచేసిన ప్యాచ్, అంటే కోడ్‌లో చేసిన మార్పు, నాలుగే లైన్లు. దాన్ని చూసిన మరొకామె, వీడియోల తేదీలు చదివే చోట కూడా ఇదే లెక్క ఉంది కదా అని అడిగితే అక్కడా మార్చారు. నేను ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. ఇందులో పాలుపంచుకున్న ఐదుగురిలో నలుగురికి ఆ ప్రోగ్రాంతో వాడుకరులుగా తప్ప ఇంకే సంబంధమూ లేదు.

నాకు ఇందులో గట్టిగా అనిపించింది ఇదీ: బగ్‌ని సరిచేయడం చాలాసార్లు చిన్న పని, దాన్ని కావాలన్నప్పుడు మళ్లీ తెప్పించగలగడం పెద్ద పని. ఆ పెద్ద పనికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. వేరే వేరే కంప్యూటర్లు, వేరే భాషలు, వేరే అలవాట్లు ఉన్న జనం కావాలి, ఓపిగ్గా ప్రశ్నలడిగే ఒకరిద్దరు కావాలి.

అయితే కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టి ఎవరో ఒకరు చూసే ఉంటారులే అనుకోవడం మాత్రం ప్రమాదం. 2014 ఏప్రిల్ 7న బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం అలాంటిదే. ఇంటర్నెట్‌లో ఎన్నో వెబ్‌సైట్ల భద్రత ఆధారపడ్డ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ కోడ్‌లో, అవతలివాళ్లు "నేను ఇన్ని బైట్లు పంపాను, తిరిగి పంపు" అంటే నిజంగా అన్ని వచ్చాయో లేదో చూడకుండా, సర్వర్ తన మెమరీలోంచి ఒక్కోసారికి 64 కిలోబైట్ల దాకా ఇచ్చేసేది. 2012 మార్చిలో వచ్చిన వెర్షన్‌తో మొదలైన తప్పు రెండేళ్లు అక్కడే ఉంది. చదవొచ్చు అన్నది వేరు, చదివారు అన్నది వేరు. చివరికి గూగుల్‌లో ఒక ఇంజనీరు, ఫిన్లాండ్‌కి చెందిన కోడెనామికాన్ అనే కంపెనీవాళ్లు విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. ఇంతమంది వాడే కోడ్‌ని ఎంత కొద్దిమంది చూసుకుంటున్నారో అందరికీ తెలిసొచ్చింది కూడా అప్పుడే.

దానికి పదేళ్ల తర్వాత జరిగిన ఎక్స్‌జెడ్ సంగతి నేను ఇప్పటికీ తల్చుకుంటూ ఉంటాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ వేరే పరీక్షలు చేసుకుంటూ, డెబియన్ అన్‌స్టేబుల్ (డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌కి ఇంకా పరీక్షలో ఉన్న రూపం) సిస్టమ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్లోకి భద్రంగా లాగిన్ అవడం, అంతకుముందుకంటే సుమారు అర సెకను ఎక్కువ తీసుకుంటోందని గమనించారు. అర సెకను! మనలో చాలామందిమి నెట్ నెమ్మదిగా ఉందేమో అనుకుని వదిలేస్తాం. ఆయన వదల్లేదు, తీగ లాగుతూ పోతే డొంక ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ (డేటాని కుదించడానికి వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్) దగ్గర కదిలింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దొంగదారి పెట్టారు. గిట్‌లో ఉన్న కోడ్ చదివితే అది పూర్తిగా కనబడదు, టెస్ట్ ఫైళ్లలో కొంత దాచి, దాన్ని బయటికి తీసే ముక్కని విడుదల చేసిన ప్యాకేజీలో మాత్రమే కలిపారు. 2024 మార్చి 29న ఆయన బయటపెట్టాక, దాన్ని తీసుకున్న డిస్ట్రోలు (డెబియన్ లాంటి లినక్స్ రకాలు) వెంటనే పాత వెర్షన్‌కి వెళ్లిపోయాయి, ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఆ ఫైళ్లని విప్పి ముక్క ముక్కా అర్థం చేసుకున్నారు.

ఆ కథలో నన్ను బాధపెట్టే భాగం ఇంకోటుంది. ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే చూసుకుంటూ వచ్చారు. ఎవరికీ తెలియని ఖాతాల నుంచి "ఇంత ఆలస్యమా, ఇంకొకరికి అప్పగించు" అని ఆయన మీద ఒత్తిడి పెరిగింది, ఆ సందులోంచే దొంగదారి పెట్టిన వ్యక్తి సాయం చేసేవాడిలా లోపలికొచ్చి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించాడు. అందుకే బగ్ రిపోర్ట్ కింద "ఇంకా ఎన్నాళ్లు?" అని రాసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. అవతల ఉన్నది జీతం తీసుకునే కస్టమర్ కేర్ కాదు, పొద్దంతా ఉద్యోగం చేసి రాత్రి కూర్చుని మీ క్రాష్ చూస్తున్న మనిషి. "నాకూ అవుతోంది" అని మాత్రమే రాసినా పెద్దగా ఉపయోగం లేదు, మీ వెర్షన్ ఏదో, సరిగ్గా ఏం నొక్కితే అవుతోందో చెప్తే ఉంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. దొరికింది భద్రతకు సంబంధించిన లోపం అనిపిస్తే, అంటే వేరేవాళ్ల డేటా కనబడటం, పాస్‌వర్డ్ లేకుండా లోపలికెళ్లిపోవడం లాంటివి, దాన్ని అందరికీ కనబడే చోట రాయకండి. చాలా ప్రాజెక్టుల్లో సెక్యూరిటీ పేరుతో ఒక ఫైలు ఉంటుంది, రహస్యంగా ఎవరికి రాయాలో అందులో ఉంటుంది. ఆండ్రెస్ కూడా ముందు డెబియన్ భద్రతా బృందానికే చెప్పారు.

నా ఫోటోల ప్రోగ్రాం తర్వాతి వెర్షన్ వచ్చింది. సున్నా తేదీ ఫోటో ఇప్పుడు "తేదీ తెలియదు" అనే గుంపులో కూర్చుంటోంది. ఆ చిన్న తెల్ల బొమ్మ ప్రాజెక్టు టెస్టుల ఫోల్డర్లో చేరిపోయింది, ఎవరు ఏ మార్పు చేసినా ముందు దాన్ని తెరిచి చూస్తారు. నిన్న ట్రాకర్‌లో ఎవరో కొత్తగా "ప్రింట్ తీస్తే పేజీ ఖాళీగా వస్తోంది, సరిచేయండి" అని ఒక్క లైను రాసి వెళ్లారు. నా దగ్గర ప్రింట్ బాగానే వస్తోంది. ఏ వెర్షన్ వాడుతున్నారు, అన్ని ఫోటోలకీ అలాగే వస్తోందా అని అడిగాను, జవాబు కోసం చూస్తున్నాను.