కాదనకూడని కోడిపెట్ట

పోయిన జూన్‌లో మా చర్చి యూత్ గ్రూపు పిల్లలు పదకొండు మంది, పెద్దవాళ్లం నలుగురం పది రోజుల కోసం ఉగాండా వెళ్లాం. మేముండేది డల్లాస్‌లో. పదిహేనేళ్ల మా అమ్మాయి ముందే పేరిచ్చేసింది. నేనూ తోడు వస్తానన్నాను. ఎల్లో ఫీవర్ టీకా, ఎంటెబ్బే విమానాశ్రయంలో చూపించాల్సిన పసుపుపచ్చ టీకా కార్డు, మలేరియా మాత్రలు, దోమతెరలు అంటూ మిగతా తల్లులంతా నెలరోజులు టెన్షన్ పడ్డారు. గుంటూరు జిల్లాలో పెరిగినదాన్ని కాబట్టి దోమలంటే నాకు పెద్ద భయం లేదు. నా బెంగ వేరు.

చిన్నప్పుడు మా ఊరి చర్చికి విదేశాల నుంచి ఇలాంటి బృందాలే వచ్చేవి. వారం ముందు నుంచే మా చేత ఒక ఇంగ్లిష్ పాట బట్టీ పట్టించేవాళ్లు. ఎండలో వరుసగా నిలబడి, కారు ఆగగానే దండలు వేసేవాళ్లం. వాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లు. ఆ ఫొటోలు ఎక్కడికి వెళ్లాయో, వాటి కింద మా గురించి ఏం రాశారో ఇప్పటికీ తెలియదు. ఈసారి వ్యానులోంచి దిగేది నా కూతురు.

కంపాలా నుంచి జింజా వెళ్లే రోడ్డు మీద, లుగాజీ దాటాక లోపలికి ఉంటుంది మేం దిగిన ఊరు. ఎర్రమట్టి దారి, చెరుకు తోటలు, 20 లీటర్ల పసుపు డబ్బాలతో నీళ్లు మోసే పిల్లలు. పనసచెట్టు కనిపిస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. పనసను వాళ్లు ‘ఫెనె’ అంటారు. మా అమ్మాయి ఆ మాట వెంటనే పట్టేసింది. రెండు రోజుల్లో ‘వెబలే న్యో’ అని కృతజ్ఞతలు చెప్పడం, పెద్దవాళ్లను ‘సెబో’, ‘న్యాబో’ అని మర్యాదగా పిలవడం నేర్చేసుకుంది. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిచ్చే పిల్ల! నాకు కొంచెం బాధేసింది, నిజం చెబుతున్నాను.

మాకు అప్పగించిన పని బడి గోడలకు రంగులు వేయడం. మా పిల్లల్లో ఒక్కరు కూడా అంతకుముందు బ్రష్ పట్టినవాళ్లు కాదు. ఊరి కుర్రాళ్లు చెట్టు కింద నిలబడి చూస్తూ ఉన్నారు. వాళ్లలో ఒకతనికి రంగులు వేయడమే వృత్తి. మర్నాడు మేం రాకముందే అతను మా చారలన్నీ సరిచేసి పెట్టాడు. మా విమానం టిక్కెట్ల డబ్బుతో అలాంటి ఎంతమందికి పని దొరికేదోనన్న ఆలోచన నన్ను వదల్లేదు. ఆ మాట మా బృందం నాయకుడితో అన్నాను. పిల్లలు చూసి నేర్చుకోవాలి కదా అన్నారాయన. అదీ నిజమే. కానీ మన పిల్లల పాఠం కోసం అతని కూలి పోవడం న్యాయం కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

మా అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో వచ్చింది, 1898లో ఆ ఆసుపత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఆమె జీవితమంతా గుంటూరుతోనే. ఒక రాత్రి మా అమ్మాయికి ఈ సంగతి చెబితే, "మనం పది రోజులకే వచ్చాం కదా మమ్మీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం ఆరాధన దాదాపు మూడు గంటలు సాగింది. కానుకల సమయానికి డబ్బు లేనివాళ్లు అరటి గెల, గుడ్లు, చెరుకు గడలు, కాళ్లు కట్టిన కోడిపెట్ట తెచ్చి ముందు పెట్టారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం పాట. నాకు ఒళ్లు జలదరించింది. మా ఊళ్లో కోతపండుగ అచ్చం ఇలాగే ఉండేది! గుమ్మడికాయకు ఇద్దరు పోటీపడి, పాడుకున్నాయన దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేస్తే, మళ్లీ పాట మొదలయ్యేది. ఇన్నేళ్లలో ఈ సంగతి నా కూతురికి ఒక్కసారి కూడా చెప్పలేదెందుకని?

కోడిపెట్టను ఒక పెద్దావిడ 30 వేల షిల్లింగులకు పాడుకుంది. నేరుగా మా దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని మా అమ్మాయి చేతుల్లో పెట్టింది. అక్కడ స్త్రీలు మోకరించి గౌరవం చూపడం ఆచారం. కానీ డెబ్బై ఏళ్ల మనిషి తన ముందు మోకరించేసరికి మా పిల్ల కంగారుపడి తానూ మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. కోడిని వెనక్కి ఇచ్చేయబోయింది. "మమ్మీ, షీ నీడ్స్ ఇట్ మోర్" అని నా వైపు చూసింది, కళ్లలో నీళ్లు.

"తీసుకో అమ్మా. కాదనకూడదు" అన్నాను.

ఆ రాత్రి దోమతెరలో పడుకుని చాలాసేపు వాదించింది. లేనివాళ్ల దగ్గర తీసుకోవడం తప్పు కాదా అని. అప్పుడు మా అమ్మ కథ చెప్పాను. ఎనిమిదేళ్లప్పుడు, ఊరికి వచ్చిన దొరసానిగారికి అమ్మ ఆరు గుడ్లు గడ్డిలో చుట్టి ఇచ్చిందట. ఆ వారం ఇంట్లో ఎవరికీ గుడ్డు లేదు. ఆ గుడ్లు ఇచ్చిన సంగతి అమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

చివర్లో ఒకరోజు జింజా చూపించారు, నైలు నది మొదలయ్యే చోటు. 1948లో గాంధీగారి చితాభస్మం కొంత అక్కడ కలిపారు, ఆయన విగ్రహమూ ఉంది. దారిలో పిల్లలు మా బృందంలో తెల్లవాళ్లను ‘ముజుంగు’ అని, మమ్మల్ని ‘ముయిండీ’, అంటే ఇండియన్, అని పిలిచారు. 1972లో అప్పటి ఉగాండా నియంత ఇడి అమీన్ 90 రోజుల గడువిచ్చి భారతీయులను పంపేశాడని డ్రైవరుగారు చెబితే, మా అమ్మాయి దారంతా ఏవేవో అడుగుతూనే ఉంది. అక్కడే పుట్టినవాళ్లు కూడా వెళ్లాల్సి వచ్చిందా అని ఆమె రెండుసార్లు అడిగింది. ఎందుకు అడిగిందో నాకు అర్థమైంది.

డల్లాస్ తిరిగి వచ్చిన శనివారం, తనంతట తానే అమ్మమ్మకు ఫోన్ చేసింది. కోడిపెట్టను పాస్టరమ్మగారి పెరట్లో వదిలి వచ్చామని, అది గుడ్లు పెడుతోందని కబురు వచ్చిందని, తడబడుతూ తెలుగులోనే చెప్పింది. తర్వాత అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు గుడ్లు ఇచ్చావు కదా, ఆ దొరసాని తిన్నదా?"

"తిన్నదో లేదో నాకేం తెలుసమ్మా" అంది అమ్మ. "రెండు చేతులతో తీసుకుంది."