నిమ్ము అని చెప్పమన్నారు

మా ఇంట్లో నా జబ్బుకి రెండు పేర్లుండేవి. డాక్టరు దగ్గర టీబీ, చుట్టాల దగ్గర నిమ్ము.

2025 జనవరిలో హైదరాబాద్ ఉద్యోగానికి సెలవు పెట్టి తెనాలి వచ్చేసరికి నా బరువు 47 కిలోలు. అప్పటికి నెలన్నరగా పొద్దు వాలితే చాలు ఒళ్లు వెచ్చబడేది. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో సూది గుచ్చినట్టుండేది. ఒకచోట టైఫాయిడ్ అన్నారు, ఇంకోచోట గ్యాస్ అన్నారు. చివరికి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. వీపులోంచి సూదితో ఆ నీరు తీసి పరీక్షకు పంపారు. పేరు తేలింది. "కళ్లె పరీక్షలో క్రిములు లేవమ్మా, ఈ పిల్ల వల్ల మీకెవరికీ అంటుకోదు" అని డాక్టరుగారు అమ్మతోనే చెప్పారు. అమ్మ తలూపింది. ఆటో ఎక్కగానే, "నిమ్ము అని చెబుదాం. దీనికింకా పెళ్లి కావాలి" అంది నాన్నతో, నేను పక్కన లేనట్టు.

మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. నా బరువుకి రోజూ పరగడుపున మూడు బిళ్లలు, ఒక్కో బిళ్లలో నాలుగు మందులు. రెండు నెలలు అలా, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే బాత్రూంలోనే పడిపోయేదాన్ని. తిండి ఖర్చుకి నెలకి వెయ్యి రూపాయలు కూడా ఖాతాలో వేస్తారు. నాన్న వద్దన్నారు. బ్యాంకులో తెలిసినవాళ్లున్నారట. బిళ్లలు బియ్యం డబ్బాలో ఉండేవి. నా గ్లాసు అడుగున అమ్మ నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టింది. డాక్టరు అక్కర్లేదన్నా సరే.

మా చెల్లి ఇంటర్ రెండో సంవత్సరం. అంతకుముందు ఏడాది నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్ చూసి, హాలీ జాక్సన్ రాసిన 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్' కొనుక్కుని ఎంట్రన్స్ మెటీరియల్ కింద దాచుకుంది. పగలంతా మంచం మీద సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడి ఉన్నాను కదా, అదే తీసుకున్నాను. పదిహేడేళ్ల పిల్ల ప్రేమలో పడుతూ హంతకుణ్ణి పట్టుకునే కథ, నాకేం పట్టిందనుకున్నాను.

మొదట్లోనే ఒక ఇల్లు. ఇంగ్లండ్‌లో లిటిల్ కిల్టన్ అనే కల్పిత ఊరు. ఆ ఇల్లెవరిదో ఊరందరికీ తెలుసు, దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు జనం అడుగులు వేగంగా వేస్తారు. ఐదేళ్ల కిందట ఆండీ బెల్ అనే అమ్మాయి మాయమైంది. ఆమెను ప్రేమించిన సాల్ సింగే చంపి, తనూ చనిపోయాడని ఊరు తీర్మానించేసింది. సాల్ ఇంట్లో మిగిలినవాళ్లు ఆ ఇంట్లోనే ఉంటున్నారు. పిప్ అనే అమ్మాయి స్కూలు ప్రాజెక్టు పేరుతో వెళ్లి ఆ తలుపు కొడుతుంది. సాల్ తమ్ముడు రవి తీస్తాడు.

ఆ తలుపు చప్పుడు దగ్గరే మనసు పారేసుకున్నాను. ఆ వారం మా గేటు దాటి లోపలికొచ్చినవాళ్లు ఎవరూ లేరు మరి. మేమే రానివ్వలేదనుకోండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అనుమానితుల జాబితా చేంతాడంత. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వెళ్లిపోతుంటే పుస్తకంలోకి దూరి జడ పట్టి లాగాలనిపిస్తుంది. కానీ రవి ఆమెను 'సార్జ్', అంటే సార్జెంటూ అని ఆటపట్టిస్తుంటే జ్వరంలోనూ నవ్వొచ్చేది. చాలా దూరం వాళ్ల మధ్య ప్రేమ ఊసే రాదు. మీ అన్న చేసి ఉండడు అని ఒక మనిషి నమ్మింది, ముందు అది చాలు వాడికి.

నా మందుల్లో ఎథాంబుటాల్ అని ఒకటుంది. అరుదుగా కంటి నరాన్ని దెబ్బతీస్తుందట. అక్షరాలు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా వెంటనే రమ్మన్నారు. ఒక రాత్రి రెండింటికి పిప్ రాసుకున్న నోట్సు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. టెన్షన్‌తో చెల్లిని లేపాను. అది లైటు వేసి, రెండు చున్నీలు తెచ్చి నా ముఖం మీద పట్టుకుని, "ఏ రంగక్కా?" అంది. కరెక్టుగా చెప్పాను. "అయితే ఎవరు చంపారో చెప్పు" అంది. అది మాత్రం తప్పు చెప్పాను. వాదన పెరిగి గొంతెండిపోయిందేమో, నా చుక్క గ్లాసే ఎత్తి గటగటా తాగేసింది. మర్నాడు కళ్ల డాక్టరు చూసి కళ్లు భేషుగ్గా ఉన్నాయి, పెందలాడే పడుకోమన్నారు. హంతకుడు దొరికేదాకా ఆ మాట వినలేదు.

జులై ఆఖరుకి మందులు ఆపేశారు. బరువు 54. ఎక్స్‌రేలో కుడివైపు అడుగున చిన్న మచ్చలాంటిది మిగిలింది, దానివల్ల ఇబ్బంది లేదన్నారు.

వరలక్ష్మీ వ్రతం పేరంటానికి పిన్ని వచ్చింది. వాయనం అందుకుంటూ, "నిమ్ము పూర్తిగా తగ్గిందా తల్లీ?" అంది.

"టీబీ పిన్నీ. తగ్గిపోయింది" అన్నాను.

అమ్మ చేతిలో శనగలు కిందపడ్డాయి. పిన్ని ఒకసారి వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి నా చెవి దగ్గర అంది: "మీ బాబాయికి పెళ్లికి ముందొచ్చిన నిమ్ము కూడా అదేనే."