గోరుచుట్టు కాదు పిన్నీ, అది యాసిడ్

రాత్రి పదకొండున్నరకు ఫోను మోగింది. మా ల్యాబులో బీకర్లు కడిగే పిన్ని. "బాబూ, గోరుచుట్టు లేచినట్టుంది. నిమ్మకాయ తొడిగాను. సలుపు తగ్గకపోగా ఎముకలోకి దిగుతోంది" అంది. ఏ వేలని అడిగాను. కుడిచేతి చూపుడు వేలు. "ఇవాళ టెఫ్లాన్ బీకర్లు కడిగావా పిన్నీ?" అన్నాను. సాయంత్రం నాలుగింటికి కడిగానంది. నా నోట మాట రాలేదు.

విశాఖలో ఒక భూగర్భశాస్త్ర ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. రాయిని కరిగించి, అందులో ఏ మూలకం ఎంత ఉందో తేల్చడానికి సిద్ధం చేసి ఇవ్వడం నా పని. కైలాసగిరి, సింహాచలం కొండల్లో కనిపించే ఖోండలైట్ రాయిని మామూలు ఆమ్లాల్లో ఎంత మరిగించినా లొంగదు. అందులోని సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్ని, విడగొట్టగలిగేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒక్కటే. గాజు కూడా సిలికాయే కాబట్టి గాజునూ తినేస్తుంది. అందుకే దాన్ని ప్లాస్టిక్ సీసాలో ఉంచుతాం, టెఫ్లాన్ బీకర్లలో వాడతాం.

సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్క పడితే భగ్గుమంటుంది, చేయి దానంతట అదే కుళాయి కిందికి పోతుంది. ఇది అలా కాదు. రసాయనశాస్త్రం లెక్కలో ఇది బలహీన ఆమ్లం, నీటిలో పూర్తిగా విడిపోదు. విడిపోని ఆ అణువులే చర్మాన్ని, గోరును దాటుకుని లోపలికి దిగుతాయి. అక్కడ ఆమ్లంలోని ఫ్లోరైడ్ ఒంట్లోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. గాఢత 50 శాతం దాటితే నొప్పి వెంటనే తెలుస్తుంది. 20 నుంచి 50 శాతం మధ్య అయితే గంట నుంచి ఎనిమిది గంటలు పట్టవచ్చు. 20 శాతం కన్నా తక్కువైతే ఒక రోజు దాకా తెలియకపోవచ్చు. బీకరు అడుగున మిగిలినది పలచటి ద్రావణం. పిన్ని బస్సెక్కి ఆరిలోవలోని ఇంటికి వెళ్లి, వంట చేసి, మనవడికి అన్నం పెట్టి పడుకునే దాకా దానికి తొందరేమీ లేదు.

ఒక వేలే కదా అనుకోవడానికి లేదు. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. గాఢమైన ఆమ్లమైతే ఒంటి చర్మంలో రెండున్నర శాతం మేర, అంటే వేళ్లతో సహా సుమారు రెండున్నర అరచేతులంత చోట పడినా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

"నిమ్మకాయ తీసెయ్, కుళాయి తిప్పి వేలు ధార కింద పెట్టు, నేను వచ్చేదాకా తీయకు" అని చెప్పి ల్యాబుకు పరుగెత్తాను. ఈ ఆమ్లానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు మా దగ్గర ఉంది. ఉన్నది బీరువాలో. తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో లేరు. తాళం పగలగొట్టాను. ఆ రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ మింగుడు పడవు. మంటలార్పే సిలిండరును ఎవరైనా బీరువాలో పెట్టి తాళం వేస్తారా?

పిన్ని ఇంటికి చేరి, నేను చేతులకు గ్లౌజులు వేసుకుని జెల్‌తో ఆమె వేలు మర్దన చేశాను. తర్వాత కొత్త గ్లౌజులో మిగతా జెల్ నింపి, చేతికి తొడిగాను. ఆ చేయి పైకెత్తి పట్టుకునే స్కూటర్ వెనక కూర్చుంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చూస్తే వేలి కొస కాస్త తెల్లబడి ఉంది, అంతే. కాలిన గాయమంటే ఎవరూ నమ్మరు. సీసా మీది పేరు, గాఢత, అంటిన సమయం రాసిన కాగితం చేతికిచ్చాను. డాక్టరు శ్రద్ధగా చదివి, వెంటనే ఈసీజీ తీయించి, రక్తంలో కాల్షియం పరీక్షకు పంపారు. వేలికి మత్తు సూది ఇవ్వలేదు. జెల్ పనిచేస్తోందో లేదో చెప్పేది ఆ నొప్పే. నొప్పి తగ్గితే లోపలి ఫ్లోరైడ్‌కు కాల్షియం అందినట్టు. తిరగబెడితే మళ్లీ జెల్ పెట్టాలి. ఒంటిగంటకు తగ్గింది, రెండున్నరకు మళ్లీ వచ్చింది, తెల్లవారేసరికి పిన్ని నిద్రపోయింది. గోరు మాత్రం నల్లబడి ఊడి, కొత్తది రావడానికి నెలలు పట్టింది.

మర్నాడు ఆమె వాడిన గ్లౌజును వేరే గ్లౌజులు తొడుక్కుని బయటికి తీశాను. నీళ్లు నింపి మణికట్టు దగ్గర మెలిపెట్టి నొక్కాను. చూపుడు వేలి కొస నుంచి వెంట్రుకంత సన్నని ధార నా ఆప్రాన్ మీద పడింది. అది ఒకసారి వాడి పారేసే పలచటి గ్లౌజు. ఈ ఆమ్లానికి మందపాటి నియోప్రీన్ రబ్బరు గ్లౌజులు కావాలి, లోపల ఇంకో జత ఉండాలి. నా చేతులకు అవే తొడుక్కుంటాను. బీకర్లు కడిగే మనిషికి పలచటివి ఇచ్చింది కూడా నేనే.

సీసా మీద హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. గోడ మీద అంటించిన నాలుగు పేజీల కాగితమూ ఇంగ్లీషే. పిన్ని రోజూ టీ తాగుతూ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది. ఇన్నేళ్లలో ఆమె చదవగలిగే ఒక్క వాక్యం ఆ గదిలో మేము రాయలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి వెంకటాపురం మీదికి స్టైరీన్ అనే విషపు ఆవిరి వచ్చినప్పుడు అదేమిటో తెలియకుండానే జనం పడిపోయారని మనమంతా బాధపడ్డాం. నా పక్కన పనిచేసే మనిషికి ఆమె కడుగుతున్నది ఏమిటో నేనూ చెప్పలేదు.

1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మాలాగే రాళ్లను కరిగించే ఒక ల్యాబులో, ఒంటరిగా పనిచేస్తున్న టెక్నీషియన్ తొడల మీద 70 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒలికింది. ఆప్రాన్ లేదు, జెల్ లేదు. సన్నటి గొట్టంతో కడుక్కుని, బయట ఉన్న ఈతకొలనులోకి దూకాడు. ఒక కాలు తీసేశారు. పదిహేనో రోజున చనిపోయాడు. ఆ ఉదంతాన్ని నేను ఎన్నోసార్లు విద్యార్థులకు చెప్పాను. అలా చెప్పేటప్పుడు పిన్ని అదే గదిలో బీకర్లు తుడుస్తూ ఉండేది. చెప్పింది ఇంగ్లీషులో.

ఇప్పుడు జెల్ ట్యూబు ఫ్యూమ్ హుడ్ (ఆమ్లపు ఆవిర్లను బయటికి లాగేసే గూడు) పక్కన మేకుకు దారంతో వేలాడుతోంది. ఇంకొకటి పిన్ని ఇంట్లో ఉంది. జెల్ దొరకని ల్యాబులకు ఒక మాట: 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఇంజక్షన్ 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్ (మందు నింపి మూసిన చిన్న బుడ్డి) ఒకటి, నీటిలో కరిగే సాదా జెల్లీ 30 మిల్లీలీటర్లలో కలిపితే రెండున్నర శాతం జెల్ అవుతుంది. ప్రమాదం జరిగాక వెతుక్కోవడం కాదు, ఆంప్యూల్, జెల్లీ రెండూ ముందే తెచ్చి పెట్టుకోవాలి.

హుడ్ దగ్గరి ఎర్ర ఇసుక బకెట్‌ను కూడా తీసేయించాను. ఈ ఆమ్లం ఒలికితే దాని మీద ఇసుక పోయకూడదు. ఇసుకా సిలికాయే, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. దాని బదులు కాల్షియం కార్బోనేట్, అంటే సున్నపురాయి పొడి డబ్బా పెట్టాం. అదీ హుడ్ లోపల పడిన కొద్దిపాటి చుక్కలకే. సీసా పగిలితే అందరూ బయటికి వచ్చి తలుపు మూసి ఫోను చేయాలి.

గోడ మీద తెలుగు కాగితం అంటించాం. పిన్నీ నేనూ కూర్చుని రాశాం. ఒంటి మీద పడితే కేకవేయండి. బట్టలు ధార కిందే విప్పేయండి. జెల్ చేతిలో ఉంటే ఐదు నిమిషాలు కడిగి జెల్ రుద్దండి, లేకపోతే సాయం వచ్చేదాకా కడుగుతూనే ఉండండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి పదిహేను నిమిషాలు నీళ్లు కొట్టండి, కంట్లో ఈ జెల్ పెట్టవద్దు. మింగితే వాంతి చేయించవద్దు. 108కి చెప్పేటప్పుడు ఆమ్లం పేరు చెప్పండి. ఇంతవరకు నేను చెప్పినవి. చివరి రెండు మాటలు పిన్ని రాయించింది: నొప్పి లేదని ఇంటికి వెళ్లిపోకండి. నిమ్మకాయ పెట్టకండి.