పప్పు ఉడకని నీళ్ళల్ల మొక్కల ట్యాంకు

మొదటి ట్యాంకు సంగతి చెప్తే నవ్వుతరు. హైదరాబాద్ పోయి రెండు ఫీట్ల ట్యాంకు, ఫిల్టరు, లైటు, పన్నెండు నియాన్ టెట్రాలు, ఎర్రాకుల మొక్కలు అన్నీ ఒకటే రోజు తెచ్చిన, పొద్దుమీకి బోరు ఆన్ చేసి పైపు పెట్టి నింపిన, రాత్రి చేపలను వదిలిన. వారం తిరగకముందే ఒక్కటి మిగల్లే. మొక్కలేమో ఉడికిన పాలకూర లెక్క మెత్తబడ్డయ్. అమ్మ గిన్నెలు తోముకుంట, "పప్పు ఉడకని నీళ్ళల్ల చేపలు బతుకుతయారా" అన్నది. అప్పుడు కోపమొచ్చింది గని ఆమె చెప్పిందాంట్ల సగం కరెక్టే.

మిగతా సగం నా తొందర. కొత్త ట్యాంకుల బ్యాక్టీరియా ఉండదు. చేపలు విడిచే వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తది, ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తది, ఇంకోటి నైట్రేట్ చేస్తది, ఆ నైట్రేట్‌ను మొక్కలు తింటయ్. ఈ బ్యాక్టీరియా కుదురుకునేసరికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడ్తది. నేను ఒక్క పూట ఆగలే. పైగా మా బోరు నీళ్ళ పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే లెక్క) 8. పీహెచ్ 7 ఉన్న నీళ్ళతోని పోలిస్తే అదే అమ్మోనియాల విషమయ్యే భాగం దాదాపు పది రెట్లు ఎక్కువ.

నల్లగొండ నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు మా ఊరి పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని, సంతోషపడాల్నో సిగ్గుపడాల్నో నాకు ఇప్పటికీ తెల్వదు. కని నా ట్యాంకుల కొట్లాట ఫ్లోరైడ్‌తోని కాదు, నీళ్ళల్ల ఉండే కాల్షియం, బైకార్బొనేట్‌తోని. సబ్బు నురగ రానియ్యదు చూడు, అదే.

రెండోసారి నీళ్ళ గుణం మార్చాలన్న ఆలోచన బంద్ పెట్టి, ఆ నీళ్ళకు తగ్గ మొక్కలు ఎతికిన. హైడ్రిల్లా, అంటే మన చెరువుల్ల నాచు అనేదే, ఇంక వాలిస్నేరియా. వీటికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు, నీళ్ళల్ల ఉన్న బైకార్బొనేట్ నుంచే కార్బన్ తీస్కుంటయ్. వేరే మొక్కలకు మా నీళ్ళు శాపమైతే వీటికి బువ్వ! మధ్యాహ్నం లైటు కింద చూస్తే ఆకు అంచుల నుంచి సన్న బుడగలు దారం గట్టినట్టు పైకి పోతుంటయ్, ముదురు ఆకు మీద వేలు పెడ్తే సుద్ద పొడి లెక్క గరుకుగ తగుల్తది. అదంత మొక్క బైకార్బొనేట్ తీస్కున్నంక మిగిలిన సున్నమే, మొదట్ల రోగమనుకొని కడిగిన.

నాచు పానగల్లు చెరువు కాడ ఒక సంచి నిండ తెచ్చిన, పుణ్యానికే. అయితే కడగకుండ ఏసిన. ట్యాంకుల గప్పీ చేపలు పిల్లలు పెట్టినయ్, ముప్పై దాక ఉండె, రోజుకు ఇన్ని తగ్గుతుంటే పెద్దయే తింటున్నయ్ అనుకున్న. ఒకరోజు ఫిల్టరు పక్కన బూడిద రంగు పురుగు, దవడ లెక్క ఉన్న కింది పెదవి ముందుకు జాపి పిల్లను పట్టుకున్నది. తూనీగ పిల్ల అది! ఇగ అప్పటి నుంచి చెరువు మొక్క ఏదైనా పటిక నీళ్ళల్ల నానబెట్టి, మంచిగ కడిగి, వారం బకెట్ల ఉంచినంకనే ట్యాంకుల ఏస్తున్న.

అడుగున చెల్క మట్టి జల్లెడ పట్టి ఇంచు మందం పోసిన, పైన ఇంచున్నర కడిగిన ఇసుక. లైటు ఏడు గంటలు, టైమర్ పెట్టిన, అంతకు మించితే అద్దం నిండ పాకురే. చేపలు గప్పీలు, మోలీలు, వీటికి ఇట్ల సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళే ఇష్టం. ఫిల్టర్ స్పాంజి మాత్రం నల్లా కింద కడగొద్దు, మిషన్ భగీరథ నీళ్ళల్ల క్లోరిన్ ఉంటది, బ్యాక్టీరియా చస్తది. ట్యాంకుల తీసిన పాత నీళ్ళల్లనే పిసికితె చాలు.

ఎండకాలం మాత్రం పరీక్షే. బయట 44 కొడ్తుంటే ట్యాంకు నీళ్ళు కాగుతయ్, కాగిన నీళ్ళల్ల ఆక్సిజన్ తక్కువ నిలుస్తది, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తయ్. మూత తీసి చిన్న టేబుల్ ఫ్యాన్ నీళ్ళ మీదికి పెడ్తే రెండు మూడు డిగ్రీలు దిగుతది. కని రోజుకు చెంబెడు నీళ్ళు ఆవిరైతయ్, ఉప్పులన్నీ లోపలనే ఉంటయ్, మళ్ళ బోరు నీళ్ళే పోస్తే ఇంకింత చిక్కబడ్తది. అందుకే ఆవిరైన కాడికి ఆర్వో నీళ్ళు పోస్త, వారానికోసారి పావు వంతు తీసేసినప్పుడు మాత్రం బోరు నీళ్ళు. ఆర్వో క్యాన్ తొందరగ అయిపోతుందని అమ్మ లొల్లి, అద్దం మీద తెల్ల గీత రుద్దనీకి నిమ్మకాయలు మాయమైతున్నయని ఇంకో లొల్లి.

వాలిస్నేరియా ఇసుక కింద నుంచి పిలకలు పాకించి ముందటి అద్దం దాక వచ్చింది, ఈ ఆదివారం కత్తిరిస్త. నల్లగొండ టౌన్ల ఉన్నోళ్ళకు ఎవరికన్నా కావాల్నంటే తడి పేపర్ల చుట్టి ఇస్త, పైసలొద్దు, మొదటి పదిరోజులు ఆకులు కుళ్ళితే మాత్రం పీకి పారెయ్యకున్రి, వేరు నుంచి మళ్ళ వస్తది.