గ్రహణం నాటి వంకాయ

మంగళవారం, రాత్రి పదిన్నర.

నిన్న ఒక పాప జన్యు పరీక్ష రిపోర్టును ఇంటికి తెచ్చుకోకూడదు, తెచ్చుకున్నాను. పొద్దున మెట్రోలో ఒకరి మీద ఒకరు పడుతున్న రద్దీలో డబ్బా ఒరిగి, అమ్మ పెట్టిన దోసకాయ పప్పు కారి, కవరుకి పసుపు మరక అంటింది. లోపలి కాగితాలకు ఏమీ కాలేదు. ఆఫీసుకు వెళ్ళగానే కవరు మార్చేశాను. జన్యువుల వల్ల వచ్చే జబ్బుల గురించి కుటుంబాలకు వివరించే జెనెటిక్ కౌన్సెలర్ ఉద్యోగంలో ఇదొక పని అని ఎవరూ చెప్పలేదు.

అయిదు నెలల పాప. తల ముందూ వెనకా కురచగా, పైకి ఎత్తుగా ఉంటుంది. చేతుల వేళ్ళు, కాలి వేళ్ళు ఒకదానికొకటి కలిసిపోయి ఉన్నాయి. అంగిట్లో చీలిక ఉంది, పాలు పట్టడమే పెద్ద పని. పిల్లల డాక్టరు చూడగానే అనుమానించినదే రక్త పరీక్షలోనూ తేలింది. ఏపర్ట్ సిండ్రోమ్. 1906లో యూజీన్ ఏపర్ట్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ తలలనూ ఈ వేళ్ళనూ కలిపి ఒకే జబ్బుగా గుర్తించాడు. ఎందుకు వస్తుందో తెలియడానికి మరో 89 ఏళ్ళు పట్టింది. 1995లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ విల్కీ బృందం పదో క్రోమోజోము మీది ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 జన్యువులో కారణాన్ని పట్టుకుంది. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల జరిగే మార్పులే దాదాపు అన్ని కేసులకూ మూలం.

మా పాపది మొదటి చోటు. (మా పాప అని రాసేశాను. పోనీ, కొట్టివేయను.) జన్యువు రాత అంతా ఏ, సి, జి, టి అనే నాలుగు రసాయన అక్షరాలే, ఇది అందులో 755వ అక్షరం. పరీక్ష గ్రాఫులో ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు శిఖరం. అమ్మానాన్నల గ్రాఫుల్లో అక్కడ ఒకే ఒక్క నీలం శిఖరం ఉంది, అంటే సి. పాప గ్రాఫులో నీలం సగానికి తగ్గి, దాని మీదే నల్ల శిఖరం లేచింది. జి. అంతే తేడా. పుస్తకంలో అచ్చుతప్పు పడితే కళ్ళు దానంతట అవే సర్దుకుని ముందుకు పోతాయి. ఇక్కడ సర్దుకునే వాళ్ళు లేరు.

పుట్టేటప్పటికి పుర్రె పలకలు పలకలుగా ఉంటుంది. మెదడు మొదటి ఏడాదిలోనే ఇంచుమించు రెండింతలు అవుతుంది కాబట్టి పలకల మధ్య అతుకులు మెత్తగా, తెరిచి ఉండాలి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 తయారుచేసే ప్రోటీను కణం పైపొర మీద ఉండి, బయటి సంకేతాలను పట్టుకుని లోపలికి చేరవేస్తుంది. ఈ మార్పు పడితే పట్టుకున్న సంకేతాన్ని ఒక పట్టాన వదలదు, తనది కానిదాన్ని కూడా పట్టుకుంటుంది. ఎముకగా మారే పని వేళ కాకముందే మొదలవుతుంది. నెత్తికి అడ్డంగా, ఈ చెవి నుంచి ఆ చెవికి పోయే అతుకు మూసుకుపోతుంది. ఇక మెదడు దారి దొరికిన వైపు, పైకి పెరుగుతుంది.

ఇదంతా చెప్పడానికి నా దగ్గర ఒక బొమ్మ పుర్రె ఉంది. ఇవాళ దాన్ని బయటికి తీసే అవకాశం వెంటనే రాలేదు.

ముగ్గురూ సూర్యాపేట నుంచి తెల్లవారుజాము బస్సుకు వచ్చారు. తండ్రి, తల్లి, తండ్రి తల్లి. కూర్చోగానే పెద్దావిడే మొదలుపెట్టింది. "గ్రహణం నాడు ఈ పిల్ల వంకాయలు తరిగిందమ్మా. నేను వద్దంటూనే ఉన్నాను." కోడలు తల దించుకునే ఉంది. అయిదు నెలలుగా ఆమె ఈ మాట ఎన్నిసార్లు విని ఉంటుందో లెక్క కట్టబోయి మానేశాను.

అంగిట్లోనో పెదవి మీదో చీలిక కనిపిస్తే మన భాషలో దాని పేరే గ్రహణ మొర్రి. విచారణ అక్కర్లేదు, పేరులోనే తీర్పు ఉంది. ఈ గదిలో కూర్చున్న ఏడేళ్ళలో నేను ఎక్కువగా పోట్లాడింది జబ్బులతో కాదు, ఈ మాటతోనే.

ఇవాళ నా చేతిలో ఒక ఆయుధం ఉంది అనుకున్నాను. గ్రహణం ఎప్పుడు అని అడిగాను. పోయిన ఏడాది, 2025 సెప్టెంబరు 7 రాత్రి పట్టిన సంపూర్ణ చంద్రగ్రహణం. అప్పటికి కోడలికి ఏడో నెల. "పెద్దమ్మగారూ, కడుపులో బిడ్డకు వేళ్ళు విడిపోయేది రెండో నెల ముగిసే లోపే. అంగిలి మూడో నెలలో కలిసిపోతుంది. గ్రహణం వచ్చేసరికి అన్నీ అయిపోయాయి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే రెండో నెలలో ఏ గ్రహణం వచ్చిందో పంచాంగంలో చూడాలి" అంది. తెలివైన మనిషి. నా వాదంలో కన్నం నాకు కనిపించలేదు, ఆవిడకు కనిపించింది.

అప్పుడు తండ్రి అడిగాడు. "మేడం, నా వల్లా, తన వల్లా?"

రిపోర్టులో అది లేదు. అమ్మానాన్నల రక్తంలో లేని కొత్త మార్పు అని మాత్రమే ఉంది. అక్కడితో ఆగవచ్చు. చాలాసార్లు ఆగాను కూడా. కానీ 1996లో అదే ఆక్స్‌ఫర్డ్ బృందం 57 కుటుంబాలను పరీక్షిస్తే యాభై ఏడింటిలోనూ మార్పు వచ్చింది తండ్రి వైపు నుంచే. ఇది తెలిసి, ఆ అమ్మాయి వంచిన మెడ చూస్తూ నోరు మూసుకోవడం నాకు న్యాయంగా తోచలేదు. చెప్పేశాను. "మామూలుగా ఇది తండ్రి శుక్రకణంలో పుట్టే మార్పండీ."

చెప్పిన తీరు బాగాలేదు. అతని మొహం చూస్తే తెలిసింది. ఒకరి మెడ మీది బరువు తీసి ఇంకొకరి మెడ మీద పెట్టాను. గబగబా మిగతాది చెప్పుకొచ్చాను. శుక్రకణాలను తయారుచేసే మూలకణాలు మగవాళ్ళలో జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి, రాసిందే మళ్ళీ రాస్తుంటే ఎక్కడో తప్పు పడుతుంది. ఈ ప్రత్యేకమైన తప్పు పడిన మూలకణం పక్కవాటికంటే బాగా బతుకుతుంది, తన సంతతిని పెంచుకుంటుంది. అందుకే వయసుతో పాటు ఇలాంటి కణాలు పెరుగుతాయి. ప్రతి మగవాడిలోనూ కొన్ని ఉంటాయి. తిండి వల్లో అలవాట్ల వల్లో వచ్చింది కాదు. ఇద్దరిలోనూ జబ్బు లేదు కనుక తరువాతి బిడ్డకు వచ్చే అవకాశం ఒక శాతం లోపే.

"నాకు ముప్పై ఎనిమిది" అన్నాడు. "చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాకే చేసుకున్నాను."

పెద్దావిడ సర్దుకుని కూర్చుంది. "అయితే ఎవరి తప్పూ కాదన్నమాట" అంది. "ఏదో, తలరాత."

నేను నవ్వలేదు. నవ్వు ఆపుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. అయిదు నెలలు వంకాయ తప్పు, గ్రహణం తప్పు, కోడలి తప్పు. అది కొడుకు వైపు తిరిగిన మరుక్షణం ఎవరి తప్పూ కాదు! కోపం వచ్చిందని ఒప్పుకుంటాను. అయినా ఆవిడ నోటి నుంచి ఆ వాక్యం వచ్చింది, కోడలు మొదటిసారి తల ఎత్తింది. దారి ఏదైతేనేం అనుకుని నోరు మెదపలేదు.

బొమ్మ పుర్రె అప్పుడు తీశాను. దాని మీది వంకర అతుకుల్ని వేలితో తడుముతూ "బ్రహ్మ రాత అంటారు, ఇదేనా?" అంది పెద్దావిడ. ఇదే అన్నాను. ఏ అతుకు మూసుకుందో, ఆపరేషనులో దాన్ని ఎలా తెరుస్తారో, వేళ్ళను ఎన్ని విడతలుగా విడదీస్తారో చూపించాను. శస్త్రచికిత్స విభాగానికి చీటీ రాశాను.

లేవబోతూ ఆ అమ్మాయి అడిగింది, ఇవాళ ఆమె మాట్లాడింది ఇదొక్కటే. "మాడు మీద ఆముదం పెట్టవచ్చా? అక్కడ కొట్టుకుంటూ ఉంటుంది. భయంతో నేను పెట్టడం లేదు." ఈ పాపలకు నడినెత్తిన ఖాళీ మామూలుకంటే వెడల్పుగా ఉంటుంది. పెట్టవచ్చు, నొక్కకుండా వేలి చివరతో రాయమన్నాను. తల ఆకారం కోసమని స్నానంలో అదమడం మాత్రం వద్దని పెద్దావిడ వైపు చూసి చెప్పాను.

ఇంటికి వచ్చి పేర్లు లేకుండా అమ్మకు చెప్పాను. నా మాడు పూడటానికి ఏడాదిన్నర పట్టిందట, ఆముదం తానే పెట్టేదట. చపాతీ పిండి కలుపుతూ అంతా విని, చివర్లో అడిగింది.

"ఇంతకీ ఆ వంకాయ కూర ఆ రాత్రి ఎవరు తిన్నారు?"

అది అడగడం మరిచిపోయాను.