ఆరో ప్రశ్నకు వెళ్లండి

ఒంట్లో బాగాలేకపోతే పని ఎంత దెబ్బతింటుందో కొలిచే మా స్టడీ ఉంది కదా, దాన్ని నడిపే సర్ మెయిల్ చదివినప్పటి నుంచి తిక్కగా ఉంది. చిన్నోడు దగ్గి దగ్గి ఇప్పుడే పడుకున్నాడు. నాకేమో నిద్ర రావట్లేదు.

ఆర్మూరులో ఒకావిడ దగ్గర కూర్చున్నాం. మా చేతిలో డబ్ల్యూపీఏఐ, అంటే జబ్బు వల్ల పని ఎంత పోయిందో అడిగే ప్రశ్నల ఫారం. 1993లో వచ్చింది, ఆరే ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల సంగతి. ఒంట్లో బాగాలేక ఎన్ని గంటలు పనికి పోలేదు, పోయినప్పుడు ఆ బాధ పనిని ఎంత దెబ్బతీసింది, సున్నా నుంచి పది లోపు చెప్పాలి. మొదటి ప్రశ్న, డబ్బులొచ్చే పని ఏదైనా చేస్తున్నారా అని. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని ఆవిడ, "ఉద్యోగమా? లేదమ్మా, ఇంట్లనే ఉంటా" అంది. లేదు అంటే ఫారం తిన్నగా ఆరో ప్రశ్నకు వెళ్లమంటుంది. అందులో ఉండేది రోజువారీ పనులే. చుట్టే వేళ్ల గురించి ఇక ఎవరూ అడగరు.

ఇలాంటి వాళ్లను 'పని చేయనివారు' కింద వేసేయమని సర్ మెయిల్. మిగతావాళ్లతో వాలిడేషన్, అంటే ఫారం సరిగ్గా కొలుస్తోందని తేల్చడం, నీట్‌గా వస్తుందట! ఆ మిగతావాళ్లూ ఎక్కువమంది సున్నా దగ్గరే ఉన్నారు. "పని ఆగుతదా?" అంటారు, సున్నాకి టిక్కు పెడతారు. నూటికి 15 మందికి మించి ఒకే కొసన చేరితే ఆ స్కేలును అనుమానించాలని మాకు పాఠం చెప్పింది ఈయనే.

కోపంలో అనుకున్నాను, ఈ ప్రశ్నలన్నీ ఎందుకు, బీడీలకు లెక్క పుస్తకం ఉంటుంది కదా, వెయ్యికింత అని కట్టిస్తారు కదా, అది చూస్తే పోలా అని.

కానీ 2006 గుర్తొచ్చింది, చికున్‌గున్యా వచ్చిన ఏడాది. అమ్మ వేళ్లు వాచి మడత పడేవి కాదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. తునికాకు కత్తిరించడం నానమ్మ వంతు, బీడీల మూతులు మడవడం నాదీ అక్కదీ. స్కూలు నుంచి రాగానే కూర్చుంటే రాత్రి దీపం పురుగులు చాటలో పడేదాకా. నాకు ఒక్కటీ కుదిరేది కాదు. బీడీలు తీసుకునే టేకేదారు సగం తీసి పక్కన పడేస్తే అమ్మ ఆ వేళ్లతోనే మళ్లీ చుట్టేది. తంబాకు ఘాటుకు తుమ్ముతూ అక్కా నేనూ ఎందుకో పడీ పడీ నవ్వేవాళ్లం. ఆ నెల పుస్తకంలో మాత్రం వెయ్యికి వెయ్యి. పుస్తకాన్ని నమ్మితే మా ఇంట్లో ఎవరికీ జ్వరమే రాలేదు!

కాబట్టి అడగాల్సిందే. డబ్ల్యూఎల్‌క్యూ అని ఇలాంటిదే ఇంకో ఫారం ఉంది, అందులో 25 ప్రశ్నలు, గంటలు కాదు, రెండు వారాల్లో ఏ పని చేయడం ఎంతసేపు కష్టమైందని అడుగుతుంది. అది కాస్త నయం. అయినా ఆ వెయ్యి కోసం ఇంట్లో ఇంకెవరు కూర్చున్నారని అందులోనూ లేదు.

ఇందాక అమ్మకి ఫోన్ చేసి అడిగాను, అప్పటి నొప్పి పదికి ఎంత అని. "పదికి ఎంతేంది? నొస్తే నొస్తది. పోరనికి మిరియాల పాలు పట్టినవా?" అంది. పట్టలేదు.

సర్‌కు రాశాను, ఇంట్లో చుట్టేవాళ్లను తీసేస్తే రీసెర్చ్ పేపర్‌లో నా పేరు కూడా తీసేయమని. కొంచెం ఎక్కువైందేమో. ఉండనీ.