పర్లాకిమిడి పెట్టె

పాతపట్నంలో నేను దిగాల్సింది కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ళు మూతలు. ఎవరో పక్కనే గట్టిగా "దిగండి, దిగండి" అనేసరికి నన్నే అనుకుని సంచీ పట్టుకుని దూకేశాను. రైలు కదిలాక గానీ బోర్డు చదవలేదు. పర్లాకిమిడి తర్వాతి స్టేషను. చేసేదేముంది, షేర్ ఆటో ఎక్కాను. కాసేపటికి దుకాణాల బోర్డుల మీద అక్షరాల తలలు గుండ్రంగా తిరిగిపోయాయి. ఒడిశాలోకి వచ్చేశామన్నమాట. ఆటోలో మాటలు మాత్రం అదే తెలుగులో సాగుతున్నాయి.

తప్పు నాది కాదు, హోర్షోవ్‌స్కీది. మీచెస్లావ్ హోర్షోవ్‌స్కీ అని పోలండ్ పియానో విద్వాంసుడు. 1892లో పుట్టి, 1991 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో ఆఖరి కచేరీ చేశాడు. అంటే 99 ఏళ్ళకి! మనిషి పొట్టి, చేతులు చిన్నవి, చివరి రోజుల్లో చూపు దాదాపు లేదు. కళ్ళకి నోట్స్ కనిపించనప్పుడు చేతులకి గుర్తున్నదే వాయించాలి కదా. తొంభై దాటాక చేసిన ఆయన రికార్డింగులు వింటూ నౌపడ ఉప్పు మడులు దాటాను, టెక్కలి దాటాను, ఆఖరికి నా బుర్ర కూడా దాటేసింది.

ఈ లైను గురించి ఒక మాట. 1900లో పర్లాకిమిడి రాజుగారు వేయించినప్పుడు ఇది రెండున్నర అడుగుల వెడల్పు చిన్న పట్టాలది. బ్రాడ్‌గేజి అయ్యింది ఈ శతాబ్దంలోనే. మా అమ్మ చిన్నప్పుడు ఆ బుల్లి రైల్లోనే వచ్చేదట. అమ్మమ్మ తమ్ముణ్ణి చూడ్డానికి. ఇప్పుడు నేనొచ్చిందీ ఆయన కోసమే.

తాతయ్యకి 88. పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. గంజాం, శ్రీకాకుళం ఊళ్ళన్నీ తిరిగాడు. అప్పట్లో కాళ్ళతో తొక్కే పెట్టె. మోకాళ్ళు పోయాక చేతి పెట్టెకి మారాడు. నాటకాలు తగ్గిపోయాయి గానీ, కార్తీకమాసంలో వీధి చివర కోవెల మండపంలో పద్యాలు పాడించుకోవడం ఇంకా ఉంది. అది వినాలనే సెలవు పెట్టుకుని వచ్చాను.

గిడుగు రామమూర్తి గారు మేష్టారుగా పనిచేసిన ఊరిది. రాజుగారి కోట, బజారు, కొమ్ముతో చేసే కొంగలూ నెమళ్ళూ చూశాను. బాగున్నాయి. నా మనసు మాత్రం సాయంత్రం మీదే ఉంది.

పెట్టె తెరవగానే నాఫ్తలీన్ వాసన కొట్టింది. బొద్దింకలు లోపలి తోలు కొరికేస్తాయట, అందుకని ఉండలు వేశాడు. వేళ్ళతో నొక్కే మెట్లు కొన్నిటి మీద తెల్లరేకు అరిగి చెక్క కనిపిస్తోంది. మధ్య స్థాయిలో ఒక స్వరం పలకలేదు. తాతయ్య కంగారు పడలేదు. మూత ఎత్తి, అరిగిన బ్లేడు ముక్క ఒకటి రీడు, అంటే స్వరం పలికే రేకు, కిందకి పోనిచ్చి, దుమ్ము రాలేలా మెల్లగా కదిపాడు. మళ్ళీ నొక్కాడు. పలికింది. చెయ్యి వణుకుతూనే ఉంది, బ్లేడు పట్టుకున్నంతసేపూ మాత్రం వణకలేదు.

పాడేది ఒక రిటైర్డ్ టీచరు గారు. ఒకప్పుడు తాతయ్యకి ఎన్ని పద్యాలు వచ్చో లెక్కే లేదు, ఇప్పుడు పన్నెండే వాయిస్తాడు. ఆ పన్నెండూ రోజూ ఉదయం సాధన చేస్తాడని పిన్ని చెప్పింది. మొదటి రెండూ మామూలుగా విన్నాను. మూడో పద్యంలో ఒకటి పట్టుకున్నాను. రాగం గిరగిరా తిరగాల్సిన చోటుకి ముందు తాతయ్య ఒక స్వరం మీద నిలబడిపోయాడు. ఎంతసేపంటే, ముందు వరసలో ముసలావిడ తల ఊపడం ఆపేసింది. అప్పుడు వదిలాడు ఆ గిరగిరా తిరిగే సంగతి. జనం "ఆహా" అన్నారు.

నాకు రూబిన్‌స్టీన్ గుర్తొచ్చాడు. 1976లో, 89 ఏళ్ళప్పుడు లండన్ విగ్మోర్ హాల్లో ఆఖరి కచేరీ చేసిన పియానో దిగ్గజం. పెద్ద వయసులో ఆయన ఎలా నెగ్గుకొచ్చాడో పాల్ బాల్టెస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉదాహరణగా చెప్పేవాడు. వాయించేవి తగ్గించుకోవడం, వాటినే ఎక్కువ సాధన చేయడం, వేగం రావాల్సిన చోటుకి ముందు బాగా నెమ్మదించడం. ఆ నెమ్మది పక్కన మామూలు వేగం కూడా పరుగులా వినిపిస్తుంది. "ఈ వయసులో కూడా!" అని చప్పట్లు కొట్టేవాళ్ళంటే నాకు చిరాకు అందుకే. పనితనం వదిలేసి పుట్టినతేదీ చూస్తారు.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను.

"అదా?" అన్నాడు తాతయ్య. "వేళ్ళు ఎనకపడిపోతన్నాయిరా. అందుకని పాడినోణ్ణే కాస్త ఆపుతాను. ఆడికి తెలీదులే."

ఫోన్లో హోర్షోవ్‌స్కీని పెట్టి ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టాను. చాలాసేపు విన్నాడు. "గాలెవరు కొడతన్నారు?" అన్నాడు. పియానోకి గాలి అక్కర్లేదు తాతయ్యా, మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగ మీద కొడుతుంది అన్నాను. "అయితే బుజం నొప్పి లేదన్నమాట. అదృష్టవంతుడు."

హోర్షోవ్‌స్కీ 89 ఏళ్ళకి పెళ్ళి కూడా చేసుకున్నాడని చెప్పాను. పిన్ని చేతిలో గరిట ఆగిపోయింది. తాతయ్య వేళ్ళు లెక్కపెట్టుకుని, "నాకింకా ఏడాది టైముంది" అన్నాడు.

పొద్దున్న సాధనకి కూర్చున్నప్పుడు, భుజానికి సాయం చేద్దామని గాలి నేను కొడతానన్నాను. అయిదు నిమిషాలు కాకుండానే చెయ్యి పీకేసింది. పైగా నేను ఊపుగా కొడితే స్వరం అరుస్తోంది, తగ్గిస్తే మూలుగుతోంది. "లే, లే, పెట్టెని సంపేత్తావు" అని తాతయ్య లాక్కున్నాడు.

స్టేషనుకి టీచరు గారు స్కూటరు మీద దింపారు. రైలు రావడానికి టైముంటే టీ తాగాం. పద్యం మధ్యలో తాతయ్య ఆపడం గురించి, ఆయన మీకు తెలీదనుకుంటున్నాడని నోరుజారాను.

"తెలీకేమండీ," అన్నారాయన, గ్లాసు అరచేతుల మధ్య తిప్పుతూ. "అక్కడ నేనూ ఊపిరి తీసుకుంటాను. నాకూ డెబ్భై నాలుగు. ఆయనకి చెప్పకండి."